లండన్ నుంచి తిరుపతికి డబ్బు తక్కువ ఖర్చుతో ఎలా పంపాలి, పడిన లెక్క ఎలా సరిచూసుకోవాలి

“మావాడు లండన్ నుంచి 500 పౌండ్లు పంపినాడు సార్. ఫోన్లో చూస్తే రేటు ఒకటి, మా ఖాతాలో పడిన లెక్క ఇంకొకటి. ఫీజే లేదన్నాడు, మరి మిగతా డబ్బు ఎటు పోయినట్టు?” తిరుపతిలో, చిత్తూరులో పిల్లల్ని చదువుకో ఉద్యోగానికో బయటికి పంపిన ఇళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అటువైపు పిల్లలు అడిగేది వేరు: “వైజ్ మంచిదా, రివల్యూట్ మంచిదా, బ్యాంకు నుంచే పంపితే భద్రమా?” వైజ్, రివల్యూట్ అనేవి ఫోన్ నుంచి విదేశాలకి డబ్బు పంపే యాప్‌లు. రెండు ప్రశ్నలకీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పంపే పని లండన్‌లో జరుగుతుంది, కానీ సగం తప్పులు ఇక్కడి నుంచి పంపిన వివరాల్లోనే ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లూ, పంపేవాళ్లూ ఇద్దరూ చదవండి.

డబ్బు పోయేది ఎక్కడ

రెండు చోట్ల పోతుంది. ఒకటి ఫీజు, అది కంటికి కనబడుతుంది. రెండోది రేటులో తీసుకునే మార్జిన్, అది కనబడదు. పెద్ద బ్యాంకులు ఒకదానితో ఒకటి కరెన్సీ కొనే ధర, అమ్మే ధరల మధ్య ఉండేదాన్ని మధ్య రేటు అంటారు. గూగుల్‌లో కొడితే కనిపించేది దాదాపు అదే. మనకు ఇచ్చే రేటు దానికన్నా తక్కువుంటే ఆ తేడా కంపెనీకి పోయినట్టే. మార్కెట్ యార్డులో కమీషన్ లేదని చెప్పి టమోటా తూకంలో తరుగు తీసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ తేడా తగ్గించడానికే కొత్త తరం డిజిటల్ కంపెనీలు వచ్చాయి. వైజ్ 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ అనే పేరుతో లండన్‌లో మొదలైంది. పెట్టింది ఇద్దరు ఎస్టోనియా వాళ్లు. ఒకరికి జీతం యూరోల్లో వచ్చేది, లండన్‌లో ఖర్చుకు పౌండ్లు కావాలి. ఇంకొకరికి జీతం పౌండ్లలో వచ్చేది, సొంత ఊళ్లో ఇంటి అప్పు యూరోల్లో కట్టాలి. బ్యాంకుకి వెళ్లకుండా మధ్య రేటుకు ఒకరి డబ్బు ఒకరు మార్చుకోవడంతో కంపెనీ ఆలోచన పుట్టింది. రివల్యూట్ 2015లో, అదీ లండన్‌లోనే వచ్చింది. ఖర్చు తగ్గింది నిజమే, కానీ ‘ఫీజు సున్నా’ అని రాసుకున్న ప్రతి యాప్‌లోనూ తగ్గిందని అనుకోవద్దు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

పంపేవాళ్ల దగ్గర: పాస్‌పోర్టు, అక్కడి వీసా వివరం, అక్కడి చిరునామా, వాళ్ల పేరు మీదే ఉన్న అక్కడి బ్యాంకు ఖాతా. స్నేహితుడి ఖాతా నుంచి కట్టిస్తే యాప్ ఆ డబ్బును ఆపేస్తుంది.

ఇంటి దగ్గర: పాస్‌బుక్ మొదటి పేజీ, చెక్కుబుక్కు ఉంటే ఒక చెక్కు, ఖాతాకి లింకైన ఫోన్ నంబరు. ఆ నంబరు పాత సిమ్‌ది అయ్యుంటే ముందే బ్రాంచికి వెళ్లి మార్పించండి. మెసేజ్ రాకపోతే డబ్బు పడిందో లేదో తెలియక టెన్షన్ పడేది మీరే.

1. ముందు ఇంటి ఖాతాని సరిచూసుకోండి

అందరూ యాప్‌తో మొదలుపెడతారు. నేను మాత్రం పాస్‌బుక్‌తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మన జిల్లాల్లో చాలా పాస్‌బుక్కుల మీద ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, అంటే డబ్బు ఏ బ్యాంకు ఏ బ్రాంచికి వెళ్లాలో చెప్పే కోడు, పాతది.

చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో కలిశాయి. బోర్డులు మారాయి, కానీ ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకం మారలేదు. ఆ పుస్తకం ఫొటో తీసి లండన్‌కి వాట్సాప్ చేస్తే అక్కడ పాత కోడే ఎక్కుతుంది. తర్వాత డబ్బు వెనక్కి వెళ్లడం, మళ్లీ పంపడం, ఈలోపు రేటు మారడం. బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్ ముద్రించుకోండి, లేదా ఇప్పటి ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, ఖాతా నంబరు కాగితం మీద రాయించుకోండి.

కోడు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగు బ్యాంకు పేరుకి, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచికి. ఆ అయిదో స్థానంలో సున్నాకి బదులు ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం కొట్టేవాళ్లు చాలామంది.

ఇంకో సంగతి. పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) లేకుండా తెరిచిన ‘చిన్న ఖాతా’ల్లోకి విదేశీ డబ్బు వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. పైగా వాటిలో ఏడాదికి మొత్తం జమ లక్ష రూపాయలు, నిల్వ 50,000 దాటకూడదు. అమ్మ ఖాతా ఎప్పుడో క్యాంపులో తెరిచిందైతే, “ఇది పూర్తి కేవైసీ ఖాతానేనా?” అని బ్రాంచిలో అడగండి. కాకపోతే ఆధార్, పాన్ ఇచ్చి మార్పించుకోండి.

2. ఎవరి ఖాతాకి పంపాలో తేల్చుకోండి

అమ్మానాన్నల మామూలు సేవింగ్స్ ఖాతాకి పంపడంలో ఇబ్బంది లేదు. కొడుకో కూతురో పంపిన డబ్బు బహుమతి కింద తల్లిదండ్రులకు పన్ను లేకుండానే అందుతుంది, దానికి మొత్తం పరిమితి కూడా లేదు. దాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి మాత్రం మామూలుగానే పన్ను లెక్క ఉంటుంది.

పంపేవాళ్లు తమ సొంత పేరు మీద దాచుకోవాలంటే ఎన్ఆర్ఈ ఖాతా, అంటే విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి సంపాదనని ఇక్కడ దాచుకునే ఖాతా, తెరవాలి. కాలేజీ రోజుల్లో తిరుపతిలో తెరిచిన పాత సేవింగ్స్ ఖాతాకే పంపుతూ ఉండటం చాలామంది చేసే తప్పు. విదేశంలో స్థిరపడ్డాక ఆ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే విదేశంలో ఉన్నవాళ్ల ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతాగా, మార్పించుకోవాలి. ఎన్ఆర్ఈలో వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బు మళ్లీ అక్కడికి తీసుకెళ్లడానికీ అడ్డంకి లేదు.

3. యాప్ లైసెన్సు చూడండి

బ్రిటన్‌లో అయితే ఎఫ్‌సీఏ అనే నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో కంపెనీల రిజిస్టర్ ఉంటుంది. యాప్ పేరు కాదు, యాప్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కంపెనీ పూర్తి పేరు అందులో వెతకండి. దొరక్కపోతే ఆ యాప్ జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. బ్రిటన్‌లో బ్యాంకు మునిగితే డిపాజిటర్లకు ఒక హామీ పథకం కింద పరిహారం వస్తుంది. 2025 డిసెంబరు 1 నుంచి ఆ పరిమితి 1,20,000 పౌండ్లు. వైజ్ అక్కడ బ్యాంకు కాదు, ఎలక్ట్రానిక్ మనీ సంస్థ. దానిలో ఉంచిన డబ్బుకి ఆ హామీ వర్తించదు. కస్టమర్ల డబ్బుని కంపెనీ సొంత డబ్బుతో కలపకుండా విడిగా ఉంచాలనే నియమమే అక్కడ రక్షణ. అందువల్ల నా సలహా ఇంతే: యాప్‌ని డబ్బు పంపడానికి వాడండి, నెలల తరబడి దాచుకోవడానికి వాడొద్దు.

4. కనీసం మూడు యాప్‌లలో ఒకే సమయంలో రేటు చూడండి

అసలు మిగులు ఇక్కడే. ఉదయం ఒకటి, సాయంత్రం ఇంకొకటి చూస్తే పోలిక కుదరదు, రేటు కదులుతూనే ఉంటుంది. పది నిమిషాల లోపల మూడింటిలోనూ ‘500 పౌండ్లు’ అని కొట్టి, చివర్లో “అందుకునేవారికి వచ్చేది” అన్న అంకె ఒక్కటే కాగితం మీద రాసుకోండి. ఫీజు గడిని అసలు పట్టించుకోకండి.

లెక్క కోసం మధ్య రేటు పౌండుకి 115 రూపాయలు అనుకుందాం. 500 పౌండ్లకి 57,500 రావాలి.

మొదటి యాప్: ఫీజు లేదు, రేటు 112.50. ఇంటికి వచ్చేది 56,250.

రెండో యాప్: ఫీజు 3.50 పౌండ్లు, రేటు 115. మిగిలిన 496.50 పౌండ్లకి ఇంటికి వచ్చేది 57,097.50.

ఫీజు అడిగిన యాప్‌లోనే 847 రూపాయల 50 పైసలు ఎక్కువ వచ్చాయి. నెలనెలా పంపే ఇంటికి ఏడాదికి ఇది పది వేలు దాటుతుంది.

అసలు ఖర్చు శాతంలో తెలియాలంటే: రావలసిన దాంట్లోంచి వచ్చింది తీసేసి, తేడాని రావలసిన దానితో భాగించి, వందతో గుణించండి. మొదటిదానికి 2.17 శాతం, రెండోదానికి 0.7 శాతం వస్తుంది. ఒక శాతం దాటిందంటే ఇంకో యాప్ చూడండి.

మొదటిసారి పంపేవాళ్లకు కొన్ని యాప్‌లు ఊరించే రేటు ఇస్తాయి. అది ఒక్కసారికే. రెండోసారి రేటు ఎంతో చూశాకే అలవాటు చేసుకోండి. రివల్యూట్ లాంటి వాటిలో ప్లాన్‌ని బట్టి కూడా లెక్క మారుతుంది. బ్రిటన్‌లో దాని ఉచిత ప్లాన్‌లో నెలకు 1,000 పౌండ్ల మార్పిడి దాటితే, ఆ పైదానికి 1 శాతం పడుతుంది. శని, ఆదివారాల్లో మార్చినా 1 శాతం అదనం. సెలవురోజు తీరిగ్గా కూర్చుని పంపుదాం అనుకునేవాళ్లు ఎక్కువ, కానీ ఆ పని వారం మధ్యలో పెట్టుకోండి.

5. యాప్‌లోకి డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానే వేయండి

కార్డుతో కడితే ఫీజు పెరుగుతుంది. క్రెడిట్ కార్డుతో అసలు వద్దు, కార్డు కంపెనీ దాన్ని నగదు తీసుకున్నట్టు లెక్కగట్టి మొదటి రోజు నుంచే వడ్డీ వేయవచ్చు. బ్రిటన్‌లో బ్యాంకు నుంచి యాప్‌కి డబ్బు మామూలుగా నిమిషాల్లో చేరుతుంది. యాప్ చూపించిన రేటుకి ఎంతసేపు హామీ ఉందో అక్కడే రాసి ఉంటుంది, ఆ గడువులోగా కట్టేయండి.

అమెరికా నుంచి పంపేవాళ్లకి ఒక మాట: 2026 జనవరి 1 నుంచి అక్కడ నగదు, మనీ ఆర్డర్ లాంటివి ఇచ్చి పంపే డబ్బుపై 1 శాతం పన్ను మొదలైంది. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఇది పడదు.

6. అందుకునేవారి వివరాలు ఎక్కించండి

పేరు పాస్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే. ఇంటిపేరు అక్కడ ఒక్క అక్షరమే ఉంటే ఇక్కడా ఒక్క అక్షరమే కొట్టండి, పాస్‌పోర్టులో ఉన్నట్టు పొడిగించకండి. జమకి ప్రధాన ఆధారం ఖాతా నంబరు కాబట్టి, కొట్టాక ఫోన్‌లో ఇంటివాళ్లకి అంకె అంకె చదివి వినిపించండి. తప్పు నంబరుకి వెళ్లిన డబ్బుని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఫారంలో ఐబాన్ (యూరప్ లాంటి చోట్ల వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) అడిగితే తికమక పడకండి. మన దేశంలో ఐబాన్ లేదు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ చాలు. ‘పంపే కారణం’ అని అడిగిన చోట కుటుంబ పోషణ అని ఎంచుకోండి. ఇంటి ఖర్చుకి పంపుతూ వ్యాపారం అనో సేవల చెల్లింపు అనో నొక్కితే ఇక్కడ బ్యాంకు కాగితాలు అడుగుతుంది.

7. మొదటిసారి 20 పౌండ్లే పంపండి

ఫీజు కాస్త దండగ అనిపించినా పర్వాలేదు. అది పడిందని అమ్మ పాస్‌బుక్ చూసి చెప్పాకే మిగతాది పంపండి. ఖాతా మార్చినప్పుడల్లా ఇదే పద్ధతి.

డబ్బు పడ్డాక సరిచూసుకోవడం

యాప్ రసీదులో మూడు అంకెలు ఉంటాయి: పంపినది, రేటు, అందేది. ఇంటి దగ్గర ఖాతాలో పడింది పైసలతో సహా ‘అందేది’తో సరిపోవాలి. ఎందుకంటే ఈ యాప్‌లు డబ్బుని అక్కడే రూపాయల్లోకి మార్చి, ఇక్కడి బ్యాంకు ద్వారా మామూలు ట్రాన్స్‌ఫర్ లాగా వేస్తాయి. మీ బ్యాంకు మార్చేదేమీ ఉండదు.

బ్యాంకు నుంచి స్విఫ్ట్ పద్ధతిలో, అంటే దేశాల మధ్య బ్యాంకులు నేరుగా పంపుకునే దారిలో, పౌండ్లలోనే వస్తే సంగతి వేరు. దారిలో మధ్యవర్తి బ్యాంకు కొంత కోయవచ్చు, ఇక్కడి బ్యాంకు తన రేటుకి మారుస్తుంది, మార్పిడి మీద జీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయల లోపు మార్పిడికి ఒక శాతాన్ని విలువగా తీసుకుని దాని మీద 18 శాతం, కనీసం 45 రూపాయలు. 57,500కి అయితే 103.50. ఈ వరుసలన్నీ పాస్‌బుక్‌లో విడివిడిగా కనబడకపోవచ్చు, అప్పుడు బ్రాంచిలో విదేశీ జమకి సంబంధించిన అడ్వైస్ కాగితం అడగండి. అందులో ఏ రేటుకి మార్చారో ఉంటుంది. ఇల్లు కొనేటప్పుడో, పెద్ద మొత్తం ఎక్కడిదని ఎవరైనా అడిగినప్పుడో ఆ కాగితమే మీకు ఆధారం. యాప్ రసీదులు కూడా పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

డబ్బు పంపేశామని యాప్ చెబుతున్నా ఖాతాలో కనబడకపోతే యూటీఆర్ నంబరు, అంటే ఆ ఒక్క బదిలీని గుర్తించే నంబరు, యాప్‌వాళ్లని అడిగి తీసుకోండి. ఆ నంబరు కాగితం మీద రాసుకుని బ్రాంచికి వెళ్తే అయిదు నిమిషాల్లో తేలే పని, అది లేకుండా వెళ్తే రోజంతా తిరగాలి. స్విఫ్ట్ డబ్బు మాత్రం బ్యాంకు పనిదినాల్లోనే జమవుతుంది. రెండో, నాలుగో శనివారాలు లెక్కలో పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లకి తప్పక చెప్పాల్సినవి

డబ్బు అందుకోవడానికి ఓటీపీ చెప్పక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ కోడు స్కాన్ చేయక్కర్లేదు. “మీ అబ్బాయి పంపిన డబ్బు ఎయిర్‌పోర్టులో ఆగింది, జీఎస్టీ కడితే వదులుతాం” అని ఫోన్ వస్తే అది మోసమే. కట్టేసి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంకోటి, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. “అక్కడ పౌండ్లు నాకివ్వు, ఇక్కడ మా మనిషి మీ ఇంటికి ఎక్కువ రేటుకి రూపాయలు తెచ్చిస్తాడు” అనేవాళ్లు ఉంటారు. అది హవాలా. చట్ట విరుద్ధం అన్నది ఒక సంగతైతే, ఆ రూపాయలు మీ ఖాతాలోకి వేసినప్పుడు అవి ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు అయితే పోలీసులు మీ ఖాతానే స్తంభింపజేస్తారు. పౌండుకి రూపాయి ఎక్కువ వస్తుందని అమ్మానాన్నల పెన్షన్ ఖాతాని ఆ ఉచ్చులో పెట్టకండి.

కువైట్ నుంచి పంపేవాళ్లకి

పీలేరు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎక్కువ. అక్కడ అల్ ముల్లా, అల్ ముజైని లాంటి ఎక్స్ఛేంజ్ కంపెనీల ద్వారా పంపడమే అలవాటు. పై లెక్క అక్కడా అంతే: కౌంటర్లో రేటు బోర్డు చూసి సంతోషపడకుండా, “ఇన్ని దినార్లు ఇస్తే ఇంటికి ఎన్ని రూపాయలు?” అని అడిగి రెండు మూడు చోట్ల పోల్చుకోండి. దినారుకి వెయ్యి ఫిల్స్, చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. యాప్‌లో కొట్టేటప్పుడు చుక్క ఎక్కడుందో చూసుకోండి. ఖాతా లేని ఇంటికి వెస్టర్న్ యూనియన్ లాంటి దారిలో పంపితే ఒక్కసారికి 2,500 డాలర్లు, ఏడాదికి 30 సార్లు పరిమితి ఉంది. చేతికి నగదుగా 50,000 రూపాయల వరకే ఇస్తారు, అంతకు మించితే ఖాతాలోనే వేస్తారు.

పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు

అక్కడి కార్డు ఇక్కడ గీసినప్పుడు మెషీన్ “పౌండ్లలోనా, రూపాయల్లోనా?” అని అడగవచ్చు. రూపాయలే నొక్కండి. పౌండ్లు నొక్కితే రేటు మెషీన్ వాళ్లది అవుతుంది, యాప్‌వాళ్ల మంచి రేటు దొరకదు. ఏటీఎంలో కూడా “మేమే మార్చి ఇస్తాం” అన్న స్క్రీన్ వస్తే వద్దని నొక్కి ముందుకి వెళ్లండి.

సమస్య తేలకపోతే

ముందు యాప్‌లోనే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, దాని నంబరు దాచుకోండి. బ్రిటన్‌లో చెల్లింపుల ఫిర్యాదుకి కంపెనీ మామూలుగా 15 పనిదినాల్లో జవాబివ్వాలి. నచ్చకపోతే అక్కడి ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్లవచ్చు. తప్పు ఇక్కడి బ్యాంకుది అయితే బ్రాంచిలో లిఖితంగా ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. వివరాలకి 14448కి ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదులో యూటీఆర్ నంబరు, యాప్ రసీదు, ఆ రోజు పాస్‌బుక్ పేజీ ఫొటో, ఈ మూడూ జత చేయండి.